ఫొటోకి కూర్చోనన్న మనిషి

ఆటగాళ్ళ ఫొటోలకీ సాహిత్యానుబంధానికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. కథలు రాసేవాళ్ళకి మొహాలు కావాలండీ. అవీ పేరుపడ్డ మొహాలు కాదు. పేరుపడ్డ మొహానికి కథ ముందే అతుక్కుని వుంటుంది. దాన్ని వూడబెరికి మన కథ అతికించడం ఎవరి తరమూ కాదు. ఎవరో ఏమిటో తెలియని మొహం ఎదురైతే మాత్రం ప్రశ్నలు వాటంతటవే పుట్టుకొస్తాయి. వీడికి పెళ్ళయిందా? వీడి తల్లి వీణ్ణి ఏమని పిలిచేది? ఆ ఫొటో తీయించుకుని బయటికొచ్చాక ఎక్కడ భోంచేశాడు?

అలాంటి మొహాలు వందలకొద్దీ ఒకేచోట వున్న పెట్టె ఒకటి అమెరికాలో, వాషింగ్టన్ నగరంలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వుంది. బెంజమిన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన పోగుచేసిన బేస్‌బాల్ కార్డులవి. మొత్తం 2,100. అన్నీ 1887కీ 1914కీ మధ్య అచ్చయినవి. ఎడ్వర్డ్స్ పోయాక ఆయన కూతురు వాటిని తీసుకెళ్ళి కార్ల్ శాండ్‌బర్గ్ చేతిలో పెట్టింది. శాండ్‌బర్గ్ అంటే కవి, లింకన్ జీవితచరిత్ర రాసినాయన. అసలు వృత్తికి పత్రికా విలేఖరి. చికాగోలో ఒక దినపత్రికకి సినిమా సమీక్షలు కూడా రాశాడు. కుర్రతనంలో తనూ బేస్‌బాల్ ఆటగాణ్ణి కావాలని కలలు కన్నవాడే. ఒకనాడు బంతి కోసం పరిగెడుతూ పగిలిన సీసా మీద కాలేశాడు. కాలికి కుట్లు పడ్డాయి, కలకి అక్కడితో తెరపడింది. అలాంటి మనిషి చేతిలో ఆ ఆల్బములు పడ్డాయి మరి! ఆయన వాటిని తన దగ్గర వుంచుకోకుండా 1954లో లైబ్రరీకి ఇచ్చేశాడు.

ఆ కార్డుల్లో నన్ను కట్టిపడేసినవి పెద్ద ఆటగాళ్ళవి కావు. మైనర్ లీగ్ వాళ్ళవి. మనకి క్రికెట్ తెలిసినంతగా బేస్‌బాల్ తెలియదు గనక ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. అమెరికాలో పెద్ద జట్లు 30. అది మేజర్ లీగ్. ప్రతి పెద్ద జట్టు కిందా మెట్లు మెట్లుగా చిన్న వూళ్ళ జట్లుంటాయి. కుర్రవాడు కిందిమెట్టు మీద చేరి ఒక్కొక్కటే ఎక్కాలి. నూటికి తొంభై మంది పైమెట్టు చూడకుండానే దిగిపోయి ఏ ఇనప సామాన్ల కొట్లోనో, ఏ బీమా కంపెనీలోనో తేలతారు. ఇంటింటికీ టెలివిజన్ రాకముందు, 1949లో, ఇలాంటి చిన్న లీగులే 59 వుండేవి. ఇంట్లో కూర్చుని పెద్ద జట్ల ఆట చూడ్డం మొదలయ్యాక చిన్న వూళ్ళ మైదానాలు ఖాళీ అవుతూ వచ్చాయి. 2021లో అయితే పెద్ద జట్లవాళ్ళు తమ కింది జట్లని 120కి కుదించేశారు. నలభై వూళ్ళకి పైగా పెద్ద జట్లతో వున్న బంధం ఒక్కసారిగా తెగిపోయింది.

మా అక్కకూతురు నార్త్ కరొలైనాలో వుంటుంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు డరమ్ అనే వూళ్ళో ఇలాంటి ఆట ఒకటి చూశాను. మైదానం చివర గోడ మీద పెద్ద ఎద్దుబొమ్మ. బంతితో ఎద్దుని కొడితే మాంసం ముక్క బహుమతి, ఎద్దు కాళ్ళకింద గడ్డిని కొడితే పచ్చికూరల సలాడు బహుమతి అని రాసి వుంది. శాకాహారులని కూడా తలుచుకున్నందుకు సంతోషించాను. నా పక్కన కూర్చున్న ముసలాయన ఆటగాళ్ళందరినీ ఇంటి పేర్లతో కాకుండా ముద్దు పేర్లతో పిలుస్తూ తిడుతున్నాడు. మైనర్ లీగంటే ఏమిటో పుస్తకాలకంటే ఆయనే నాకు బాగా అర్థమయ్యేలా చెప్పాడు. వాళ్ళు ఎవరికో తెలిసిన కుర్రాళ్ళు, అంతే.

ఇలాంటి వూళ్ళలో పత్రికకి ఆటల పేజీ రాసేవాడి దగ్గర ప్రతి కుర్రవాడిదీ ఒక ఫొటో వుండి తీరాలి. గెలిస్తే వెయ్యాలి, ఓడితే వెయ్యాలి, చెయ్యి విరిగితే వెయ్యాలి. బ్లాకు చేయించి వాడుకున్నాక ఫొటో మళ్ళీ సొరుగులోకి పోతుంది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు. ఆ విలేఖరి పోయాక ఆ సొరుగు ఏ లైబ్రరీ మెట్లో ఎక్కి 'సేకరణ' అనే పెద్దపేరు తెచ్చుకుంటుంది. ఎవరూ చరిత్ర కోసం దాచలేదు. రేపటి పేజీకి కావలసివస్తుందని దాచారు. అందుకే వాటిలో మంచి నిజాయితీ వుంటుంది.

సిగరెట్ కార్డులు కూడా అలాంటి అవసరానికి పుట్టినవే. సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకని దానిమీద ఆటగాడి బొమ్మ వేశారు. మనవాళ్ళు అగ్గిపెట్టెల మీది బొమ్మలు దాచినట్టు అక్కడి పిల్లలు వాటిని దాచారు. 1887 తర్వాత రెండు మూడేళ్ళు గుడ్విన్ కంపెనీ 'ఓల్డ్ జడ్జ్' సిగరెట్లతో ఇచ్చినవి అసలైన ఫొటోలు. గోధుమరంగు ఫొటో ముక్కని అట్టకి అతికించి ఇచ్చారు. వాటిని చూస్తే నవ్వాపుకోవడం కష్టం. ఆ రోజుల్లో కెమెరా కదిలే మనిషిని పట్టుకోలేదు. అంచేత ఆటగాణ్ణి స్టూడియోకి రప్పించి, వెనక చెట్లూ కంచే వున్న తెర కట్టి, పైనుంచి దారంతో బంతి వేలాడదీసేవారు. పాపం ఆయన చేతులు చాచి, కళ్ళు పైకెత్తి, ఆ వేలాడే బంతిని పట్టుకోబోతున్నట్టు శిలావిగ్రహంలా నిలబడాలి. దారం స్పష్టంగా కనిపిస్తూనే వుంటుంది. ఒకాయన తివాచీ మీద పడుకుని దుమ్ములో జారుతున్నట్టు నటిస్తాడు.

నవ్వడం అయ్యాక మళ్ళీ చూడండి. ఆ బంతిని చూస్తున్న కళ్ళలో అబద్ధం లేదు. ఒక పెద్ద జట్టువాడు అలా నిలబడితే మనకి ఆయన ఆ తర్వాత సాధించినవన్నీ గుర్తొస్తాయి. ఏ చిన్న లీగు కుర్రవాడో నిలబడితే గుర్తు రావడానికేమీ లేదు. ఆ బంతి, ఆ దారం, ఆ ఆశ, అంతే. పేరుపడ్డవాళ్ళ ఫొటోలకంటే పేరు పడనివాళ్ళ ఫొటోలే మంచి ఫొటోలని నేననేది అందుకే.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన వరస గురించి కూడా చెప్పాలి. సేకరించేవాళ్ళు దాన్ని టి-206 అంటారు. 524 కార్డులు. అందులో 134 చిన్న లీగులవాళ్ళవి. ఇవి ఫొటోలు చూసి రంగుల్లో అచ్చువేసిన బొమ్మలు. నాకైతే ఇవి అంత నచ్చవు. బుగ్గలకి అందరికీ ఒకే గులాబిరంగు పులిమారు, ఆకాశాలకి ఒకే నారింజరంగు. ఫొటోలో వుండే ముడతా గీతా పోయి క్యాలెండర్ బొమ్మల వాటం వచ్చింది. కింద రాసేది కూడా ఇంటి పేరూ, వూరి పేరూ మాత్రమే. ఫలానా, మెంఫిస్. ఫలానా, నాష్‌విల్. అయినా వాటిలోనూ ఒక్కొక్కడు రంగు కిందనుంచి తొంగిచూస్తూనే వుంటాడు. దక్షిణాది వూళ్ళవాళ్ళ కార్డులు కొన్ని తిప్పి చూస్తే వెనక 'హిందూ' అనే బ్రాండు సిగరెట్ ప్రకటన వుంది! అలబామాలో బంతాట ఆడుకునే కుర్రాడి వీపు మీద మన పేరేమిటా అని కాసేపు విస్తుపోయాను.

ఇలాంటి పెట్టెల్లోంచి నవలలు పుట్టడం వుత్త మాట కాదు. కెనడా రచయిత కిన్సెల్లా ఒకనాడు బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా తిరగేస్తుంటే ఒక వరస కనిపించింది: ఆర్చిబాల్డ్ గ్రాహమ్, 'మూన్‌లైట్' అని ముద్దుపేరు, న్యూయార్క్ జెయింట్స్ జట్టు, 1905, ఒక ఆట. బ్యాటు పట్టుకున్న సందర్భాలు సున్నా. అంటే పెద్ద మైదానంలోకి ఒక్క రోజు దిగాడు, బంతి కొట్టే వంతు రాకుండానే ఆట ముగిసింది. తర్వాత చిన్న లీగుల్లో కొన్నేళ్ళాడి, డాక్టరై, మిన్నెసోటాలో చిజమ్ అనే గనుల వూళ్ళో స్థిరపడి, ఆ వూరి పిల్లలకి వైద్యం చేస్తూ 1965లో పోయాడు. ఆ సున్నా చూసి కిన్సెల్లా ఆయన్ని 1982లో తన నవలలో పాత్ర చేశాడు. 1989లో అది 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' సినిమా అయింది. లక్షలమంది కన్నీళ్ళు పెట్టుకున్నారు.

నేనూ పెట్టుకున్నాను. అక్కడే నాకొక అనుమానం మొదలైంది. గ్రాహమ్‌కి దక్కింది సున్నాయే కావచ్చు. కాని ఆ సున్నా వెయ్యడానికి పుస్తకంలో ఆయనకొక వరస వుంది. ఫొటో వుంది. సున్నా కూడా దక్కనివాళ్ళ మాటేమిటి?

అప్పుడు మళ్ళీ ఆ 524 కార్డుల దగ్గరికి వెళ్ళాను. అట్లాంటా, బర్మింగ్‌హామ్, మెంఫిస్, న్యూ ఆర్లియన్స్, ఇవన్నీ నల్లజాతివాళ్ళు పెద్దసంఖ్యలో వుండే వూళ్ళు. ఆ వూళ్ళ జట్లలోగాని, వేరే జట్లలోగాని, ఈ మొత్తం వరసలో ఒక్క నల్లమొహం లేదు. అమెరికా ఆదివాసులు వున్నారు, బెండర్, మేయర్స్ లాంటివాళ్ళు. ఇద్దరికీ కలిపి 'చీఫ్' అని ఒకటే వెటకారపు పేరు తగిలించారు. నల్లవాడు మాత్రం ఒక్కడూ లేడు. బొమ్మలు చూడ్డంలో పడితే ఇది కనిపించదు. లేనిది కనిపించాలంటే వున్నదాన్ని లెక్కపెట్టాలి.

మొదట్నుంచీ ఇలా లేదు. 1880లలో ఇంటర్నేషనల్ లీగ్ అని మేజర్ లీగ్ కింద మెట్టు ఒకటి వుండేది. బఫెలో, సిరక్యూజ్, న్యూఆర్క్, టొరంటో లాంటి వూళ్ళ జట్లు. 1887లో వాటిలో కొందరు నల్లజాతి ఆటగాళ్ళున్నారు. సిరక్యూజ్ జట్టులో రాబర్ట్ హిగిన్స్ అని మెంఫిస్ నుంచి వచ్చిన కుర్రవాడు. బంతి విసిరేవాడు, మన భాషలో బౌలరనుకోండి. టొరంటోలో అతను విసిరిన ఒక ఆటలో సొంత జట్టువాళ్ళే కావాలని బంతులు వదిలేసి 28-8 తేడాతో ఓడించారు. అది ఒక సంగతి. రెండో సంగతి ఫొటోది.

జూన్ నెలలో జట్టంతా కలిసి గ్రూపు ఫొటో తీయించుకోవాలన్నారు. డగ్లస్ క్రదర్స్ అనే మరో బౌలర్ రాలేదు. మేనేజర్ జో సిమ్మన్స్ ఎందుకు రాలేదని నిలదీస్తే దెబ్బలాటయింది. నల్లవాడున్న ఫొటోలో తను కూర్చోనన్నాడు. నేను దక్షిణాదివాణ్ణి, నా మనసు మీ ఉత్తరాదివాళ్ళకి అర్థంకాదు, ఆ ఫొటోలో నా మొహం పడనివ్వడం కంటే నా గుండె కోసిచ్చుకుంటాను అన్న అర్థంలో పత్రికలవాళ్ళతో చెప్పాడు. అతన్ని సస్పెండ్ చేశారు.

ఈ ఉదంతంలో నన్ను పట్టుకున్నది ఒక చిన్న విషయం. క్రదర్స్ ఆ నల్లవాడితో కలిసి ఆడాడు. ఒకే మైదానం, ఒకే దుస్తులు. ఆటలో పక్కన నిలబడ్డానికి పెద్ద పేచీ పెట్టలేదు, ఫొటోలో పక్కన కూర్చోడానికి పెట్టాడు. ఎందుకంటే ఆట సాయంత్రానికి అయిపోతుంది. ఫొటో ఇంటికెళుతుంది, గోడెక్కుతుంది, మనవడు చూస్తాడు. ఫొటో అంటే ఏమిటో మనలాంటి రాసేవాళ్ళకంటే ఆ మొరటు మనిషికే బాగా తెలుసు.

నేను చదివిన కాలేజీలో ఆఖరి సంవత్సరం గ్రూపు ఫొటో తీస్తున్నారు. బెంచీలన్నీ మోసుకొచ్చి వరసగా వేసిన మనిషి పని అయిపోయి ఓ చివర నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డలోంచి కాదు, ఎదురుగా నిలబడే, చెయ్యి ఆడిస్తూ అతన్ని పక్కకి జరగమన్నాడు. జరిగాడు. ఇంకా జరగమన్నాడు. జరిగాడు. మేం నలభైమందిమీ నవ్వుతూ వున్నాం, ఎందుకంటే నవ్వమన్నారు. ఆ ఫొటో మా అందరి ఇళ్ళలోనూ వుంటుంది. బెంచీలు కూడా చక్కగా పడ్డాయి.

1887లో బఫెలో జట్టుకి ఫ్రాంక్ గ్రాంట్ అనే నల్లజాతి ఆటగాడుండేవాడు. ఆ లీగులోని మేటి ఆటగాళ్ళలో ఒకడు. ఆ సంవత్సరపు జట్టు ఫొటోలో ఉన్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ వుంది. 1888లో అదే జట్టువాళ్ళు అతనితో కలిసి ఫొటోకి కూర్చోమన్నారు. ఆ మధ్యలో, 1887 జూలై 14న, లీగు పెద్దలు సమావేశమై ఇకముందు నల్లవాళ్ళతో కొత్త ఒప్పందాలు చేసుకోరాదని తీర్మానం చేశారు. హిగిన్స్ 1888లో ఆట సగంలో వదిలేసి మెంఫిస్‌లో తన మంగలి దుకాణానికి తిరిగిపోయాడు. 1889 తర్వాత ఆ లీగు ఫొటోల్లో మరి నల్లమొహం కనిపించదు.

సేకరించేవాళ్ళతో నాకు తగాదా ఇక్కడే. టి-206 వరసలో అన్నిటికంటే ఖరీదైన కార్డు హోనస్ వాగ్నర్ది. 2022లో ఒకటి 72 లక్షల డాలర్లకి పైగా పలికింది. ఎందుకంత? ఆయన తన బొమ్మ వెయ్యొద్దన్నాడు కనక. పొగాకు అమ్మకానికి తన మొహం వాడడం ఇష్టంలేక అన్నాడని కొందరు, డబ్బివ్వనందుకు అన్నాడని కొందరు. ఏదైనా కానీండి, అచ్చు ఆపేశారు, కొన్నే మిగిలాయి. అంటే వాగ్నర్ తన మొహాన్ని తను వద్దనుకోగలిగాడు. ఆ వద్దనడానికి నూరేళ్ళ తర్వాత కూడా వెల వుంది. హిగిన్స్ మొహాన్ని ఇంకొకడు వద్దన్నాడు. ఆ కార్డు అసలు అచ్చవలేదు గనక దానికి వేలంపాట లేదు. వేలం కేటలాగుల్లో 'అరుదైనది' అనే మాట కనిపించినప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొస్తుంది. ఆ మాట రాసేవాళ్ళకి అరుదంటే లెక్క, అంతే.

కాదన్నవాళ్ళు తమ ఫొటోలు తామే దాచుకున్న సందర్భం ఒకటుంది. దాన్ని నేను ఎడ్వర్డ్స్ పెట్టె పక్కన పెట్టి చదువుతాను. సోల్ వైట్ అని ఒక ఆటగాడు. అతనూ 1887లో వీలింగ్ అనే వూళ్ళో తెల్లవాళ్ళ చిన్న లీగు జట్టులో ఆడాడు. పరుగులు బాగానే చేశాడు. మరుసటేటికి అక్కడ చోటు లేదు. నల్లజాతి జట్లలో ఇరవయ్యేళ్ళు ఆడి, ఫిలడెల్ఫియాలో వాల్టర్ ష్లిక్టర్ అనే తెల్లజాతి ఆటల విలేఖరితో కలిసి ఒక జట్టు నడిపాడు. 1907లో ష్లిక్టర్ ప్రచురణకర్తగా సోల్ వైట్ నల్లజాతివాళ్ళ బేస్‌బాల్ చరిత్ర ఒక చిన్నపుస్తకంగా తెచ్చాడు. పుస్తకం నిండా ఫొటోలు. ఆటగాళ్ళు, జట్లు, యజమానులు. చాలామంది ఎలా వుండేవాళ్ళో ఇవాళ మనకి తెలుస్తోందంటే ఆ పుస్తకం వల్లనే. తొలి ప్రతులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 1995లో జెర్రీ మలాయ్ అనే పరిశోధకుడు మంచి ముందుమాటతో మళ్ళీ వేయించాడు.

రచనగా ఆ పుస్తకం గొప్పదేమీ కాదు. సోల్ వైట్ వాక్యం ఆటలో ఫలితం చెప్పినట్టుంటుంది. ఫలానా జట్టు ఫలానా వూరు పోయింది, గెలిచింది, మేనేజర్ మారాడు. వ్యాపార ప్రకటనలు మధ్యమధ్య. జట్టు యజమాని తన జట్టు పుస్తకమే వేసుకున్నాడు గనక సొంతడబ్బా కూడా వుంది. కాని ఒకచోట జీతాల సంగతి చెబుతాడు. పెద్ద లీగులో సగటున సంవత్సరానికి 2,000 డాలర్లు, చిన్న లీగుల తెల్లవాడికి 571, నల్లజాతి ఆటగాడికి 466. అంకెలు వేసి వూరుకున్నాడు. ఏడుపు లేదు, తిట్టు లేదు. నేనయితే అక్కడ మూడు పేజీలు రాసి పాడుచేసేదాన్ని.

ఆ ఫొటోలు చూడండి. ఎడ్వర్డ్స్ పెట్టెలో చిన్న లీగు కుర్రాళ్ళలో చాలామంది తెలియకుండా ఫొటోకి దొరికినట్టుంటారు. సోల్ వైట్ పుస్తకంలో వున్నవాళ్ళకి ఎందుకు నిలబడ్డారో తెలుసు. గడ్డం ఎత్తి, సూటిగా చూస్తారు. ఇది మన ఫొటో, మన పుస్తకంలో, అన్నట్టు వుంటుంది. ఇది నా వూహే కావచ్చు. మొహాలు చదవడంలో వూహ లేకుండా ఎలా కుదురుతుంది?

సోల్ వైట్ తర్వాత పత్రికలకి ఆటల వ్యాసాలు రాశాడు. 1955 దాకా బతికాడు, కనక సంకెళ్ళు తెగడం కళ్ళారా చూశాడు. ఆ తెగడం ఎక్కడ మొదలైందో చెబుతాను. 1946 ఏప్రిల్ 18, జెర్సీ సిటీ. అదే ఇంటర్నేషనల్ లీగ్. మాంట్రియల్ జట్టు తరఫున జాకీ రాబిన్సన్ మొదటి ఆట. 1889 తర్వాత ఆ లీగులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. మూడో ఇన్నింగ్స్‌లో బంతిని మైదానం దాటించాడు. తనకంటే ముందు పరుగు పూర్తిచేసిన ఇద్దరు సహచరులూ అతని కోసం ఆగకుండా వెళ్ళిపోయారు. తర్వాత బ్యాటు పట్టవలసిన జార్జ్ షూబా మాత్రం ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ఎవరో పత్రికా ఫొటోగ్రాఫర్ క్లిక్కుమనిపించాడు. షూబా తర్వాత పెద్ద జట్టులో ఆడాడు, రిటైరయ్యాడు. తన ముందుగదిలో ఆట జ్ఞాపకంగా గోడకి పెట్టుకున్నది ఆ ఫొటో ఒక్కటే. 2021లో ఆయన వూరు యంగ్స్‌టౌన్‌లో ఆ కరచాలనాన్ని విగ్రహంగా నిలబెట్టారు.

ఫొటోగా చూస్తే అందులో పెద్ద కూర్పేమీ లేదు. ఇద్దరు మనుషులు, రెండు చేతులు. షూబా నవ్వులో మొహమాటం కూడా లేదు, జట్టువాడు బాగా కొడితే చెయ్యిచ్చే మామూలు నవ్వు. క్రదర్స్ గుండె కోసిచ్చుకుంటానన్నది ఇంతమాత్రం దానికే. ఆ రెంటికీ మధ్య 59 ఏళ్ళు.

ఆ ఏడాది వేసవి అంతా ఆ ఫొటోలాగే గడిచిందనుకోకండి. సిరక్యూజ్‌లో, అవును ఆ సిరక్యూజ్‌లోనే, అవతలి జట్టువాళ్ళు రాబిన్సన్ ముందుకి నల్లపిల్లిని వదిలి ఇదిగో నీ చుట్టమని ఎగతాళి చేశారు.

రాబిన్సన్ వెంట ఆ సంవత్సరమంతా తిరిగిన ఆటల విలేఖరి ఒకాయనున్నాడు. వెండెల్ స్మిత్. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో రాసేవాడు. ఫ్లోరిడాలో శిక్షణ శిబిరమప్పుడు రాబిన్సన్‌కి హోటళ్ళలో గది దొరక్కపోతే ఇళ్ళు వెతికిపెట్టింది ఆయనే. ఆయనతోపాటు ఆ పత్రిక ఫొటోగ్రాఫర్ బిల్లీ రో వుండేవాడు. రాత్రికి రాత్రి శాన్‌ఫర్డ్ అనే వూరు వదిలి పొమ్మన్నప్పుడు కారులో బయల్దేరింది ఈ ముగ్గురూ, ఇంకో ఆటగాడూ. స్మిత్‌కి చాలా మైదానాల్లో విలేఖరుల గదిలోకి ప్రవేశం లేదు. జనంలో కూర్చుని రాశాడు. ఆయన కాగితాలు ఇప్పుడు కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియంలో భద్రంగా వున్నాయి. 1993లో ఆటల రచయితలకిచ్చే పెద్ద గౌరవం ఆయనకిచ్చారు. ఆయన పోయింది 1972లో.

స్మిత్ విలేఖరి ఎందుకయ్యాడో తెలుసా? పందొమ్మిదేళ్ళప్పుడు డెట్రాయిట్‌లో బ్రహ్మాండంగా బంతి విసిరి ఒక ఆట గెలిపించాడు. పెద్ద జట్టు తరఫున కుర్రాళ్ళని ఏరడానికొచ్చిన పెద్దమనిషి అతని బంతులు పట్టుకున్న క్యాచర్‌ని పిలిచి ఒప్పందం రాయించుకున్నాడు. స్మిత్‌తో, నిన్నూ తీసుకుందునుగాని వీల్లేదు అన్నాడు. ఆ క్యాచర్ మైక్ ట్రెష్. చిన్న లీగులు దాటి 1938 నుంచి 1949 దాకా పెద్ద లీగులో ఆడాడు. జట్టు దుస్తుల్లో తీయించుకున్న ఫొటోలు ఎన్నో వున్నాయి. స్మిత్ ఫొటోలూ వున్నాయి. వాటిలో ఆయన కోటూ టై వేసుకుని వుంటాడు. ఒకదాంట్లో ముందు టైప్‌రైటర్ వుంటుంది.